పెరట్లో కార్తీక వనభోజనం: నేల ఎలా సిద్ధం చేయాలి, బంతి ఎవరికి వేయాలి?

 

వనభోజనం అంటే ఊరి బయట తోటకే వెళ్లాలా, మన ఇంటి పెరట్లో చేసుకోకూడదా? సిటీలో ఉండేవాళ్లలో చాలామందికి ఈ సందేహం ఉంటుంది. నిక్షేపంగా చేసుకోవచ్చండి. ఒక చెట్టు, దాని కింద కాస్త నేల, నలుగురితో కలిసి తినాలన్న మనసు ఉంటే చాలు. అది ఇండిపెండెంట్ ఇంటి వెనకాల పెరడు కావచ్చు, అపార్ట్‌మెంట్ పక్కన మిగిలిన ఖాళీ స్థలం కావచ్చు, అమ్మమ్మగారి ఊళ్లో దొడ్డి కావచ్చు.

అయితే ఇప్పుడు బ్యాక్‌యార్డ్ పార్టీ అనగానే మనకి లైట్ల తోరణాలు, స్పీకరు, బఫే టేబులు, ఫొటోలు దిగే మూల గుర్తొస్తాయి. వనభోజనం ఏర్పాట్లు కొంచెం వేరు. ఎందుకు వేరో అర్థమైతే ఏం చేయాలో సగం మనకే తెలిసిపోతుంది. కాబట్టి ముందు ఎందుకో చూద్దాం, తర్వాత ఎలాగో, ఆ తర్వాత ఎవరితోనో. ఎవరితో అన్న ఆ ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. దయచేసి అక్కడిదాకా చదవండి.

చెట్టు కిందే ఎందుకు?

మన పంచాంగం ప్రకారం దీపావళి అమావాస్య మర్నాడు పాడ్యమితో కార్తీకం మొదలవుతుంది, మళ్లీ అమావాస్యతో పూర్తవుతుంది. శివుడికీ విష్ణువుకీ ఇద్దరికీ ప్రీతి అయిన నెల ఇది. ఈ నెలలో విష్ణువుని దామోదరుడు అనే పేరుతో కొలుస్తాం. ఉసిరి చెట్టు కింద ఆయన్ని పూజించి, అక్కడే నైవేద్యం పెట్టి, అక్కడే కూర్చుని తినడం కార్తీక పురాణం చెప్పిన పద్ధతి.

ఉసిరికి సంస్కృతంలో ధాత్రి అని పేరు. భూమికి కూడా ధాత్రి అనే పేరుంది. మనల్ని మోసేది, పోషించేది, తల్లిలాంటిది అని భావం. భూమి పేరే పెట్టుకున్న చెట్టు కింద, ఆ భూమి మీదే కూర్చుని, ఆ భూమి ఇచ్చిందే తింటున్నామన్నమాట. ఆ పూట ఇంటి యజమాని ఆ చెట్టే. మనం, మనం పిలిచినవాళ్లు అందరం చెట్టుకి అతిథులమే.

భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి యమున ఒడ్డున చద్దులు తినే ఘట్టం ఉంది. పోతన గారి తెలుగులో ఆ పద్యాలు మన పెద్దవాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. పిల్లలందరూ కృష్ణుడి చుట్టూ తామరపువ్వు రేకుల్లా కూర్చుంటారు. ఒకడికి ఆకే కంచం, ఒకడికి చెట్టు బెరడు, ఇంకొకడికి రాయి. కృష్ణుడి ఎడమ చేతిలో పెరుగన్నం ముద్ద, వేళ్ల సందున ఊరగాయ ముక్కలు. ఎవరి చద్ది రుచి వాళ్లు చూపిస్తూ, నవ్వుకుంటూ తింటారు. యజ్ఞంలో హవిస్సు అందుకునే స్వామి పశువుల కాపరులతో ఎంగిలిమంగలం లేకుండా తినడం చూసి దేవతలే ఆశ్చర్యపోయారట.

మన వనభోజనానికి నమూనా ఇదే అనుకుంటే పెరడు ఎలా ఉండాలో తేలిపోతుంది. అందరూ ఒకరికొకరు కనిపించేలా, ఒకే నేల మీద కూర్చునేలా ఉండాలి.

రోజు, వేళ

సోమవారాలు చాలామంది ఉపవాసం ఉండి సాయంత్రం నక్షత్రం చూశాకే తింటారు. ఏకాదశి కూడా ఉపవాసమే. ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనానికి పిలిస్తే వాళ్లకి ఇబ్బంది. ఆదివారం అందరికీ సెలవే, కానీ ఆదివారం ఉసిరికాయ తినకూడదని చాలా ఇళ్లలో నియమం. ఆదివారమే పెట్టుకుంటే ఆ రోజు ఉసిరి పచ్చడి మానేసి ఇంకో పచ్చడి చేయండి. శనివారం కుదిరితే ఆ చిక్కే లేదు.

పూజ పదిన్నర, పదకొండుకల్లా మొదలుపెట్టండి. మొదటి బంతి పన్నెండున్నరకి లేవాలి. నవంబరులో మన దగ్గర ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. సామాన్లు సర్దుకోవడం, శుభ్రం చేయడం వెలుగుండగానే అయిపోవాలి.

వారం ముందు: నేల

మొదటి పని నీళ్లు. కార్తీకం నాటికి వానలు ఇంకా పూర్తిగా వెళ్లవు. పాత టైర్లు, కుండీల కింద పళ్లాలు, కొబ్బరి చిప్పలు, పాడైపోయిన బకెట్లు అన్నిట్లో నీళ్లు నిలిచి ఉంటాయి. డెంగీ దోమ పెరిగేది అలాంటి నీళ్లలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుంది. అందుకే ముందురోజు కాదు, కనీసం పది రోజుల ముందే అవన్నీ బోర్లించేయాలి.

రెండోది చెత్త, గడ్డి. మడమ ఎత్తుకు మించిన గడ్డి కోసేయండి. ఇటుకల కుప్పలు, ఎండు కొబ్బరి మట్టలు, పాత రేకులు తీసేటప్పుడు చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదపండి. కాళ్లకి బూట్లు వేసుకోండి. తేళ్లు, పాములు ఉండేది వాటి కిందే. పాము కనబడితే కొట్టకండి. నాగుల చవితి జరుపుకునే నెల ఇది. అటవీ శాఖవాళ్లకో, పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. పెరట్లో పుట్ట ఉంటే దాన్ని కదపకుండా, పిల్లలు అటు వెళ్లకుండా తాడు కట్టి వదిలేయండి.

మూడోది చదును. బంతి వేసే చోట గుంటలు, రాళ్లు లేకుండా చూడాలి. పలుగూ పారా అక్కర్లేదు. రెండు తట్టల మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టినా చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు గేటు నుంచి బంతిదాకా తడబడకుండా రాగలరా అని ఒకసారి నడిచి చూడండి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లుంటే దారి మూడడుగుల వెడల్పు ఉండాలి.

ముందురోజు సాయంత్రం ఊడ్చి కల్లాపి చల్లండి. పేడ దొరికితే సరే, లేకపోతే నీళ్లలో పసుపు కలిపి చల్లుకోవచ్చు. రాత్రికి ఆరిపోవాలి. వంట చేసే వైపు మాత్రం పేడ నీళ్లు వద్దు, ఉత్త నీళ్లతో కడగండి. పొద్దున్నే బియ్యప్పిండితో ముగ్గు. రంగుల పొడులు, గ్లిట్టరు వద్దు. బియ్యప్పిండి అయితే చీమలు, పిచ్చుకలు తింటాయి. ఆ రోజు మొదటి బంతి వాటిదే.

చెట్టు సంగతి

ఉసిరి చెట్టు ఉంటే అదృష్టం. దాని మొదలు దాకా సిమెంటు పోసి ఉంటే, చుట్టూ మూడడుగులైనా పగలగొట్టి పాదు తియ్యండి. చెట్టుకి పూజ చేస్తూ దాని వేళ్లకి గాలి, నీరు అందకుండా చేస్తే ఆ పూజకి అర్థం ఉండదు కదా.

చెట్టుకి మేకులు కొట్టొద్దు. తోరణాలు, లైట్లు కట్టాలంటే నూలు తాడుతో వదులుగా కట్టి, సాయంత్రానికి విప్పేయండి. పసుపు కుంకుమ కొంచెం పెడితే చాలు, కాండమంతా పూయక్కర్లేదు. దీపాలు కాండానికి ఆనించి పెట్టకండి, బెరడు కాలుతుంది. రెండడుగుల దూరంలో ఇటుక మీదో పళ్లెంలోనో పెట్టండి. చుట్టూ ఎండాకులు తీసేయండి. పట్టు చీరలు, చున్నీలు దీపాల దగ్గర జాగ్రత్త.

ఉసిరి చెట్టు లేకపోతే? ఒక కొమ్మ తెచ్చి తులసి కోటలో పెట్టుకోవచ్చు. క్షీరాబ్ది ద్వాదశి నాడు మనం చేసేదీ అదే కదా. లేదంటే కుండీలో ఉసిరి మొక్క తెచ్చుకోండి, భోజనాలయ్యాక పెరట్లోనో, దగ్గర్లో గుడి ఆవరణలోనో నాటండి. ఆ రోజు నీడ కోసం మామిడి, వేప, ఏ చెట్టైనా సరే.

నర్సరీలో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. రాచ ఉసిరి అంటే గీతలున్న చిన్న పుల్లటి కాయల చెట్టు ఇస్తారు. అది వేరే. మనకి కావలసింది గుండ్రటి పెద్ద కాయల ఉసిరి. అంటు మొక్క తీసుకోండి. బాగా ఎండ తగిలే చోట నాటాలి. చోటుంటే రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన పెడితే కాపు బాగుంటుంది.

ఎండ, వాన

ఉసిరి ఆకులు చిన్న చిన్నవి, నీడ పలచగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ముసలివాళ్లు, పసిపిల్లలు ఆ నీడలో కూర్చోలేరు. అందుకని పక్కనే ఒక షామియానా వేయించండి, లేదా పాత దుప్పట్లు నాలుగు కర్రలకి కట్టండి. కోస్తా జిల్లాల్లో నవంబరు అంటే తుపానుల కాలం కూడా. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే మొండికెయ్యకుండా ఇంకో రోజుకి మార్చుకోండి. నెలంతా మనదే. మామూలు జల్లు అయితే వరండాలోకి ఎవరు ఏ సామాను మోయాలో ముందే అనుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి నేల మీద పెట్టకండి, స్టూలు మీద పెట్టండి. వైర్లు మనుషులు నడిచే దారిలో వేయకండి.

స్పీకరు విషయం. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మామూలుగా మాట్లాడుకునే శబ్దమే దాదాపు అంత ఉంటుంది. అంటే పెద్ద స్పీకరు అక్కర్లేదన్నమాట. పిల్లలతో రెండు భజనలు పాడించండి, పద్యాల అంత్యాక్షరి పెట్టండి, ఏడు పెంకులాట ఆడించండి. చెట్టు మీద పిట్టలు కూడా ఉన్నాయి, అది వాటి ఇల్లు.

బంతి లెక్క

మనిషికి రెండడుగుల వెడల్పు కావాలి. వెనకనుంచి ముందుకి కూర్చోవడానికి మూడడుగులు, విస్తరికి అడుగున్నర. ఎదురెదురుగా రెండు వరుసలు వేస్తే మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి నాలుగడుగులు వదలండి. అంటే 30 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు చదునైన చోటు ఉంటే ఒక్క బంతికి 30 మంది కూర్చుంటారు. అరవై మందిని పిలిస్తే రెండు బంతులు.

జంబుఖానాలు, చాపలు వేయండి. కింద కూర్చోలేని పెద్దవాళ్లకి కుర్చీ, చిన్న బల్ల వేయాలి. కానీ ఎక్కడో మూలన కాకుండా బంతి చివర, అదే వరుసలో వేయండి. మన తాతయ్య, బామ్మ ఒంటరిగా గోడ వైపు తిరిగి తినకూడదు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న డ్రమ్ము ఒకటి మొక్కల పాదుల వైపు పెట్టండి. నీళ్లు వృథా పోవు. మంచినీళ్లు మనిషికి లీటరు లెక్కన పెద్ద బిందెల్లో పెట్టి, స్టీలు గ్లాసులతో ఇవ్వండి.

విస్తరి విషయానికొస్తే అరిటాకు, మోదుగాకు, అడ్డాకు ఏదైనా బాగుంటుంది. అడ్డాకులు ఉత్తరాంధ్ర ఏజెన్సీ కొండల్లో గిరిజనులు సేకరించి కుట్టేవి. మనం కొన్న ప్రతి కట్టా వాళ్లకి అంతో ఇంతో ఆదాయం. అరిటాకు కొస తినేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, థర్మకోల్ అలంకరణ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. ఆకులా పచ్చగా కనిపించే కొన్ని పేపరు ప్లేట్లకి పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, చూసి కొనండి.

వంట

పొయ్యి చెట్టుకి కనీసం పదడుగుల దూరంలో, గాలి బంతి వైపు వీచని చోట పెట్టండి. గ్యాస్ సిలిండరు నిలబెట్టే ఉంచాలి. పక్కన ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు పెట్టండి. పిల్లలు అటు రాకుండా ముగ్గుతో గీత గీసి, అది దాటొద్దని చెప్పండి.

కార్తీకంలో చాలామంది ఉల్లి, వెల్లుల్లి తినరు. అవి లేకుండానే వండితే అందరూ తినగలరు. ముద్దపప్పు, నెయ్యి, కంద బచ్చలి కూర, ముక్కల పులుసు, పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం, ఒక పచ్చడి, అప్పడాలు. ఇంతకన్నా ఎక్కువ పెడితే విస్తట్లో వదిలేస్తారు. అన్ని రకాల అన్నాలకీ కలిపి మనిషికి 150 గ్రాముల బియ్యం లెక్క వేయండి. 40 మందికి ఆరు కిలోలు. దద్దోజనం వడ్డించే ముందే కలపండి. వండిన అన్నం, పప్పు ఎండలో గంటలు గంటలు ఉంచకూడదు. రెండు గంటల్లో వడ్డించేలా చూసుకోండి.

పూజ వరుస

చెట్టు మొదట్లో నీళ్లు పోసి, పసుపు కుంకుమ, పూలు పెట్టండి. దామోదరుడి పటమో, ఇంట్లో సాలగ్రామం ఉంటే అదో చెట్టు నీడలో పీట మీద ఉంచండి. ఉసిరికాయని అడ్డంగా కోసి, మధ్యలో తొలిచి, నేతి వత్తి వేసి దీపం పెట్టండి. మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం పూజ చేసి, ప్రదక్షిణ చేసి, వండినవన్నీ నైవేద్యం పెట్టండి. మంత్రాలు రాకపోయినా ఫర్వాలేదు. స్వామి పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకున్నా చాలు. నైవేద్యం అయిన క్షణం నుంచి ఆ గిన్నెల్లో ఉన్నది మన వంట కాదు, ప్రసాదం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, వెంటనే దీంతో పనుంది.

అసలు ప్రశ్న: బంతి ఎవరికి?

నేల ఊడ్చాం, పందిరి వేశాం, వండాం. ఇప్పుడు ఆ నేల మీద ఎవరు కూర్చుంటారు?

కార్తీకం వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల్లోనూ కులం పేరుతో వనభోజనాల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఒక కులంవాళ్లు కలుసుకోవడం, తమలో చదువుకునే పిల్లలకి సాయం చేసుకోవడం వాళ్ల ఇష్టం. కానీ దానికి కార్తీక వనభోజనం అని పేరు పెట్టేముందు ఒక్కసారి ఆలోచించాలి. ఉసిరి చెట్టు నీడ ఎవరి ఇంటిపేరూ అడగదు. యమున ఒడ్డున కృష్ణుడు ఏ పిల్లాణ్నీ నువ్వెవరని అడగలేదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన అనుకుంటున్నారా? పన్నెండో శతాబ్దంలో పల్నాడులో బ్రహ్మనాయుడు చేసి చూపించాడు. మాచర్ల చెన్నకేశవ స్వామి భక్తుడాయన. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. దాన్నే చాపకూడు అన్నారు. అంటరానివాళ్లని దూరం పెట్టిన కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. పల్నాటి వీరుల్ని తలుచుకుంటూ కారంపూడిలో ఏటా ఐదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. అవి మొదలయ్యేది కార్తీక అమావాస్య నాడే. మూడో రోజు మందపోరు, ఆ రోజే చాపకూడు. కార్తీకం ముగిసే వేళకి ఇలాంటి బంతి పల్నాడులో వేస్తున్నప్పుడు, మన పెరట్లో వేయడానికి అడ్డేముంది?

ఇంట్లో పెద్దవాళ్లు మడి పాటిస్తారు, వాళ్లని నొప్పించడం ఎలా అంటారా? నొప్పించక్కర్లేదు. నైవేద్యం వంట వాళ్ల మడితోనే చేయనివ్వండి. కానీ నైవేద్యం అయ్యాక అది ప్రసాదం. ప్రసాదానికి ఎక్కువ తక్కువలు లేవు. పూరీలో జగన్నాథుడి మహాప్రసాదాన్ని ఆనంద బజారులో ఏ కులంవాళ్లైనా పక్కపక్కన కూర్చుని తింటారు. తెలుగులో మనం సర్వం జగన్నాథం అంటాం చూడండి, ఆ మాట అక్కడిదే. ఈ సంగతి మీ బామ్మగారికి మీకంటే బాగా తెలిసే ఉంటుంది. ప్రేమగా గుర్తుచేయండి.

ఇక కులం ఒక్కటే కాదు. పెరట్లో మనకి తెలియకుండా జరిగే తేడాలు ఇంకా ఉంటాయి.

వాచ్‌మన్, పనిమనిషి, చెత్త తీసుకెళ్లేవాళ్లు. మామూలుగా ఏం చేస్తాం? అందరం తిన్నాక మిగిలింది కవర్లో కట్టి గేటు దగ్గర ఇస్తాం. వాళ్లకి అన్నం అందుతుంది, కానీ విస్తరి అందదు. ఈసారి రెండు రోజుల ముందే వాళ్ల ఇంటికో, గదికో వెళ్లి, కుటుంబంతో సహా పిలవండి. మనింటికి వచ్చే బంధువులని ఎలా పిలుస్తామో అలాగే, బొట్టు పెట్టి పిలవండి. మొదటి బంతిలో కూర్చోబెట్టండి. పక్కన మీరు కూర్చోండి. ఆ రోజు వాళ్ల చేత గిన్నెలు తోమించకండి. పిలిచి పని చెప్తే అది పిలుపు కాదు. ఎవరికైనా అందరి మధ్యా కూర్చోవడం ఇబ్బందిగా అనిపిస్తే బలవంతం వద్దు. వాళ్లకి ఎక్కడ బాగుంటుందో అడిగి, అక్కడ మీరూ ఒక విస్తరి వేసుకుని కూర్చోండి.

తర్వాత మన ఇంటి ఆడవాళ్లు. పొద్దున్నుంచీ వండి, రెండు బంతులూ వడ్డించి, చివరికి మూడు గంటలకి చల్లారిన అన్నం, అడుగంటిన పప్పు తినేది ఎవరో మనందరికీ తెలుసు. దీనికి చిన్న నియమం పెట్టుకోండి. వండినవాళ్లు మొదటి బంతిలో కూర్చోవాలి. వడ్డన బాధ్యత మగవాళ్లది, కాలేజీ పిల్లలది. ముప్పై మంది బంతికి ఆరుగురు వడ్డిస్తే హడావిడి ఉండదు. ఒకరికి అన్నం, ఒకరికి పప్పు, నెయ్యి, ఒకరికి కూర, పచ్చడి, ఒకరికి పులుసు, ఒకరికి తీపి, ఒకరికి నీళ్లు. ముందురోజే పేర్లు రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కొసరి కొసరి వడ్డించడం కూడా ఒక సేవే, గుళ్లో చేసే సేవకి ఏమీ తీసిపోదు.

పక్కింటివాళ్లది వేరే మతమైతే? భోజనానికి పిలవండి. పూజలో నిలబడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. అన్నం పెట్టడానికి అది అడ్డం కాకూడదు.

పిలిచేటప్పుడు ఇబ్బందిగానే ఉండొచ్చు. నలుగురు చుట్టాలు ముఖం చిట్లించొచ్చు. ఒకరిద్దరు రాకపోనూ వచ్చు. అయినా సరే, చదును చేసిన నేలకి న్యాయం జరగాలంటే దాని మీద కూర్చున్నవాళ్లు కూడా సమానంగా ఉండాలి. లేకపోతే మనం చేసింది పిక్నిక్ అవుతుంది. పిక్నిక్‌లో తప్పేమీ లేదు, కానీ దానికి ధాత్రీ పూజ అక్కర్లేదు.

లేచాక

విస్తళ్లు ఎవరివి వాళ్లే తీసే పద్ధతి పెట్టండి. పిల్లలకి ఇది మంచి అలవాటు. చెట్టుకి దూరంగా రెండడుగుల లోతు గుంట తీసి, ఆకులు, కూరగాయల తొక్కలు, పూజ పూలు, ఉసిరి దీపాల చిప్పలు అందులో వేసి, ఎండాకులు, మట్టి కప్పేయండి. నాలుగైదు నెలల్లో ఎరువు అవుతుంది. నూనె, ఉప్పు ఎక్కువున్న వంటకాలు చెట్టు పాదులో పారబోయకండి. గుంటకి చోటు లేకపోతే తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా కట్టి ఇవ్వండి. తీసుకెళ్లేవాళ్లు పొద్దున మన పక్కన కూర్చుని తిన్నవాళ్లే అయితే, కలిపి పారేయడానికి మనకే చెయ్యి రాదు.

మిగిలిన అన్నం గంపెడు తీసుకెళ్లి ఆవుకి పెడితే పుణ్యం అనుకుంటారు చాలామంది. ఎక్కువ వండిన అన్నం ఒక్కసారి తింటే ఆవుకి కడుపులో పులిసి ప్రాణం మీదకి వస్తుంది. ఆవుకి గడ్డి, ఆకుకూరల కాడలు పెట్టండి. ఎవరూ ముట్టుకోని అన్నం మిగిలితే అదే గంటలో, వేడి ఉండగానే, దగ్గర్లో తినేవాళ్లకి ఇచ్చి రండి.

చివరగా చెట్టు కింద ఒక్క బాటిల్ మూత కూడా లేకుండా చూసి, చెట్టుకి ఒక చెంబు నీళ్లు పోసి దణ్ణం పెట్టుకోండి. మనల్ని పిలిచి అన్నం పెట్టింది ఆ చెట్టే కదా, వెళ్లొస్తామని చెప్పాలి.

ఈ కార్తీకంలో మీ పెరట్లో ఎన్ని విస్తళ్లు వేస్తారో ఇప్పుడే లెక్క వేసుకోండి. ఆ లెక్కలో ఇప్పటిదాకా మీరు ఎప్పుడూ పిలవని ఒక్క ఇంటి పేరైనా చేర్చండి. దామోదరుడి అనుగ్రహం, ధాత్రీ మాత చల్లని నీడ మీ అందరి మీదా ఉండాలని కోరుకుంటున్నాను.